పనస పలకల నేల

"గోడవార వేలెడు ఖాళీ ఒగ్గీ, మోహినీ. వానాకాలం సెక్క ఉబ్బుతాది" అన్నాడు హరిబాబు, మంచం మీద నుంచే.

మోహిని ఆ వేలెడూ వదిలి మేకు దిగ్గొట్టింది. పదిరోజులుగా అతని నోరూ ఆమె చేతులూ కలిసి ఈ గదికి చెక్కనేల వేస్తున్నాయి. హరిబాబు కవిటి చుట్టుపక్కల పేరున్న వడ్రంగి. రెండేళ్ళ కిందట కిడ్నీలు పాడయ్యాక వంగలేడు, సుత్తి ఎత్తలేడు. మట్టినేల చెమ్మకు మొగుడు వణికిపోతున్నాడని, తొంభై తొమ్మిదిలో వచ్చిన గాలివానకు కూలిన పెరటి పనసను పలాసలో కోయించి దాచిన పలకల్ని మోహినే బయటికి తీసింది. పన్నెండేళ్ళు అతనికి ఉలీ రంపమూ అందించిన చేతులు కదా, పని పట్టుబడడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. చిత్రిక కింద పసుప్పచ్చని పొట్టు లేచి పలక నున్నబడుతుంటే ఆమెకు ఎంతో సంతోషంగా ఉండేది. ఆ సంతోషం కూడా దాచుకోవాల్సి వచ్చింది. ఆడది చిత్రిక పడితే ఇంటికి అరిష్టమని మొదటిరోజు మూతి ముడుచుకున్న అత్త కాంతమ్మ, చూడ్డానికి వచ్చినవాళ్ళకు మాత్రం "మా వోడు మంచం దిగకండానే నేల ఏసీసినాడు" అని చెప్పుకుంటోంది. హరిబాబు కాదనడు, నవ్వి ఊరుకుంటాడు. వంట, నీళ్ళు, అతని స్నానం, గొడ్ల చాకిరీ అన్నీ అయ్యాకే మోహిని చేతికి సుత్తి వస్తుంది. దాన్ని పని అని ఎవరూ అనరు, సాయం అంటారు.

మోకాళ్ళ మీద కూర్చుంటే పాదాలు బరువెక్కిపోతున్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడదు. ఊళ్ళో చాలామందికి ఇలాగే కిడ్నీలు పోతున్నాయని మూడు నెలల కిందట వైద్యశిబిరం పెట్టి ఇంటిల్లిపాదికీ రక్తం తీశారు. మోహిని రక్తపరీక్ష కాగితం మీద డాక్టర్లు ఎర్రసిరాతో గీత గీసి, వెంటనే విశాఖ ఆసుపత్రికి వెళ్ళమన్నారు. ఆ కాగితాన్ని కాంతమ్మే మడిచి దాచేసింది. "ఆడితో అనకు, బెంగెట్టీసుకుంటాడు. నువ్వూ పడుకుంటే ఆడినెవులు సూత్తారు?" అంది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే మోహినికి మరీ ఏడుపొచ్చింది. కొడుకు మీద బెంగలో ఆ ముసలామెకు కోడలి ఒళ్ళు కంటికి ఆనలేదు. తనకు మాత్రం ఆనిందా? మంచి కోడలనిపించుకోవాలనే కాబోలు, తనూ నోరు మూసుకుంది. చెక్క ఎప్పుడు ఉబ్బుతుందో ముందే చెప్పే మొగుడు, మూరెడు దూరంలో ఉబ్బిన పాదాల్ని ఒక్కసారీ చూడలేదు.

ఆఖరి మూలకు నాలుగు పలకలు మిగిలాయి. మోహిని సుత్తి ఎత్తబోయి ఆగింది. కింద పెట్టేసింది.

"బావా, శిబిరంలో నా కిడ్నీలూ పాడైనాయని సెప్పినారు. మూడు నెలలైంది."

వాకిట్లో కాంతమ్మ చీపురు చప్పుడు ఆగిపోయింది. హరిబాబు మోహినికేసి చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి మోహిని కరిగిపోయింది, అనవసరంగా చెప్పానేమోనని కూడా అనుకుంది. అంతలో అతను మెల్లగా అడిగాడు.

"మరైతే నన్నెవులు సూత్తారు?"

మోహినికి కోపం రాలేదు. లోపల ఏదో చల్లారిపోయింది, అంతే. ఒళ్ళో పడ్డ పొట్టు దులుపుకుని, గోడ పట్టుకుని లేచింది.

"నాకు తెల్దు బావా. రేపు పొద్దున్న రైలుకి నేను విశాఖ ఎల్తన్నాను."