అశోక్‌నగర్ లాంచీ

మంచం చేయించడానికి టేకు చూసొస్తానని కవాడిగూడ టింబర్ డిపోకి వెళ్లిన మనోరమ, సాయంత్రం ఇంటికొచ్చి పడవ కొన్నానని చెప్పింది.

ఆమె భర్త గోవర్ధన్ అప్పుడే చిక్కడపల్లిలో తన ప్రింటింగ్ ప్రెస్ మూసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

“ఏం పడవ?”

“మోటారు లాంచీ. ఇరవై నాలుగడుగులు ఉంటది. దాంట్ల చిన్న గది గూడ ఉంది.”

“మంచం తెస్తనని పోయి లాంచీ తెచ్చినవా?”

“ఇంక తేలేదండి. రేపు లారీల వస్తది.”

ఇది 2009 నాటి సంగతి. నారాయణగూడలో ఓ ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనోరమకు ఈత రాదు. పడవ సరదా ఉన్న మనిషని కూడా ఎవరూ అనుకోలేదు. డిపో వెనకాల టార్పాలిన్ పట్టా కింద ఆ లాంచీ కనబడినప్పుడు, ఊరికే చూద్దామనే దగ్గరికి వెళ్లింది. డిపో యజమాని విద్యాసాగర్ తండ్రి ఎప్పుడో ఓ పాత నవాబు దేవిడీ సామానుతో పాటు దాన్ని కొని పడేశాడట. వానలకు ముందే కోయించి దర్వాజాలు చేయిస్తానన్నాడు విద్యాసాగర్. మనోరమ పావురాల రెట్ట పక్కకు తోసి పలకను బొటనవేలితో గట్టిగా రుద్దింది. లోపల కట్టె పాకం పట్టిన బెల్లం రంగులో మెరిసింది. పలకలన్నీ వెనక నుంచి బయలుదేరి, ఒకదానికొకటి ఒరుసుకుంటూ వంగి, ముందుకొచ్చి ముక్కు దగ్గర కలుసుకున్నాయి. ఇంత ఒద్దికగా వంగినదాన్ని రంపం కింద పెట్టడమా అని ఆమె ప్రాణం ఒప్పలేదు.

“కొయ్యకుండ్రి. నేను తీస్కుంట,” అంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆమెకే కాసేపు నమ్మకం కలగలేదు.

మర్నాడు అశోక్‌నగర్‌లో వాళ్లింటి గేటు ఊడదీసి, ప్రహరీ కొంత పగలగొట్టి లాంచీని వాకిట్లో దిమ్మెల మీద నిలబెట్టారు. చోటు లేక స్కూటర్ గల్లీలోకి వెళ్లింది. గల్లీ జనం దానికి ‘మేడం మంచం’ అని పేరు పెట్టేశారు.

పక్క సందులో కడుతున్న అపార్ట్‌మెంటుకు సెంట్రింగ్ పని చేసే మాసయ్యను పట్టుకొచ్చింది మనోరమ. పాలమూరు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో కిరాయికి ఉండేవాడు.

“నేను స్లాబులకు పలకలు కొట్టేటోన్ని మేడం. గీ వంకర పని నాకు రాదు,” అన్నాడు చుట్టూ తిరిగి చూసి.

“నాకూ రాదు మాసయ్యా. ఇద్దరం కల్సి నేర్చుకుందాం.”

ఆదివారాలు అలా మొదలయ్యాయి. పుచ్చిన పలకలు తీసి కొత్తవి వేయాలి. వాటిని ఆవిరిలో ఉడికించి మెత్తబడ్డాక వంచాలని మనోరమ చదివి తెలుసుకుంది. పొడవాటి ఇనుప గొట్టంలో కాసిని నీళ్లు పోసి, పలక పెట్టి, ఒక కొస కింద కట్టెల పొయ్యి వెలిగించారు. మొదటిది వంచుతుండగానే ఫట్‌మంది. రెండోదీ అంతే. తప్పు నీదంటే నీదని ఇద్దరూ వాదించుకున్నారు. ఇంకాసేపు ఉడకనిచ్చిన తర్వాతి పలక మాత్రం చేతుల్లో తోలు బెల్టులా వంగి, పోయి తన చోట్లో కూర్చుంది. బోల్టులు బిగించేదాకా వదలడానికి లేదు. చెరోవైపు ఒత్తిపట్టి నిలబడ్డ ఇద్దరికీ మాసయ్య భార్య బుగ్గమ్మ చాయ్ తెచ్చింది. తీసుకునే చెయ్యి ఖాళీ లేదు. బుగ్గమ్మ నవ్వి, గ్లాసు మనోరమ నోటికే అందించింది.

“మీ ఇద్దరికీ తిక్క లేసింది మేడం,” అంది.

“లేసింది బుగ్గమ్మా!” మనోరమ అంత గట్టిగా నవ్వి ఎన్నేళ్లయిందో.

సకల జనుల సమ్మెలో కాలేజీలు మూతపడితే, పొద్దున ధర్నాకు పోయి వచ్చి మధ్యాహ్నమంతా పాత రంగు గీకింది. పక్కింటి కమలవ్వకు ఆ దుమ్ముతో కడుపు మండింది. “మా డాబా మీద వడియాలు పెడితే నీ కట్టెపొట్టు గూడ ఎండుతున్నదే!” అని గోడ మీదుగా రోజూ అరిచేది. మనోరమ గీకడం ఆపి, చేతులు జోడించి, మళ్లీ గీకేది.

గోవర్ధన్ రెండేళ్లు ఆ పడవను ముట్టుకోలేదు. ఇంజిను బిగుసుకుపోయిందని ఓ మెకానిక్ దాన్ని తుక్కుకు వేయమని చెప్పినరోజు మాత్రం అతనికి ఎందుకో ఉక్రోషం వచ్చింది.

“నా ప్రెస్సుల మిషను మా నాయిన కాలంది. ఎన్నిమాట్ల బిగుసుకపోలేదు? తుక్కంట తుక్కు! జరుగు, చూస్త,” అని లుంగీ ఎగగట్టి లోపలికి దిగాడు. ఆ రాత్రి అన్నానికి పిలిస్తే రాలేదు. తర్వాత ఏడాదంతా అతని చొక్కాలకు సిరా బదులు గ్రీజు అంటింది. మొదటిసారి ఇంజిను దగ్గి, నల్లటి పొగ వదిలి, డబడబా కొట్టుకున్నప్పుడు అతను ప్రెస్ మూసేసి గల్లీకంతా మిఠాయి పంచాడు.

2014 వేసవికి లాంచీ తయారైంది. కానీ ఏళ్ల తరబడి ఎండిన టేకు కుంచించుకుపోయి, దూది కూరినా పలకల మధ్య సందులు మిగిలాయి. నీళ్లు తాగితే కట్టె ఉబ్బి అవే మూసుకుంటాయి. అందుకని లోపలంతా గోనెసంచులు పరిచి వారాల పాటు తడుపుతూ ఉండాలి. మే నెలలో, నల్లా దినం విడిచి దినం వచ్చే గల్లీలో నీళ్లెక్కడివి? బట్టలు జాడించిన నీళ్లు పోస్తే లాంచీలో ఓ మూల కూడా సరిగ్గా తడవలేదు. మనోరమ ఓ సాయంత్రం పొడి గోనెల మీద కూలబడింది.

గోడ అవతల నుంచి ఓ బకెట్ పైకి లేచింది.

“పట్టుకో పిల్లా, నా చెయ్యి గుంజుతున్నది,” అంది కమలవ్వ. “బియ్యం కడిగిన నీళ్లు. నీ మంచానికి పనికొస్తయా?”

“పనికొస్తయి కమలవ్వా!”

“ఐదేండ్లు నా వడియాలు పాడు చేసినవ్. ఇప్పుడది మునిగితే ఊకుంటనా?”

కమలవ్వ అంతటితో ఆగక ఇంటింటికీ వెళ్లి చెప్పింది. కూరగాయలు కడిగినవి, గిన్నెలు తొలిచినవి, బట్టలు జాడించినవి, గల్లీలో వాడి పారబోసే నీళ్లన్నీ లాంచీ తాగింది.

హుస్సేన్‌సాగర్‌లో దించడానికి అనుమతి దొరికిన రోజు పొద్దున, లారీ మీద లాంచీ బయలుదేరితే, తగిలే కరెంటు వైర్లనూ కేబుళ్లనూ వెదురు గడలతో ఎత్తిపట్టడానికి గల్లీ మొత్తం ముందు నడిచింది. ఏటా గణపతిని సాగనంపే చేతులే కాబట్టి ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. చిక్కడపల్లి చౌరస్తాలో పాలబ్బాయి సైకిల్ ఆపాడు.

“ఇప్పుడు నిమజ్జనం ఏందన్నా?”

“నిమజ్జనం గాదు తమ్మీ, తేలేటందుకు పోతున్నం!” అని అరిచాడు మాసయ్య.

క్రేను లాంచీని నీళ్లలో దించింది. మనోరమ లోపలికి దిగి నేల చెక్క ఎత్తి చూసింది. ఒక సందులోంచి నీళ్లు సన్నగా ఊరుతున్నాయి. మాసయ్య మోకాళ్ల మీద కూర్చుని దూది కూరి లప్పం ఒత్తాడు. ఊట తగ్గింది, తర్వాత ఆగింది. అతను తడి చేతులతోనే చప్పట్లు కొట్టాడు.

బుగ్గమ్మా కమలవ్వా కూడా ఎక్కారు. చీర కుచ్చిళ్లు దోపుకుని మనోరమ స్టీరింగ్ చక్రం పట్టింది. గోవర్ధన్ ఇంజిను తిప్పాడు. సాగర్ మురుగు వాసనను ఎవరూ పట్టించుకోలేదు. పడవ ముక్కు నీళ్లను రెండుగా చీలుస్తుంటే, చక్రం కాస్త తిప్పగానే అంత పెద్ద లాంచీ ఆమె మాట వినడం మనోరమకు వింతగా, గర్వంగా ఉంది.

సాగర్ నడిమికి చేరాక ఇంజిను రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం. ట్యాంక్‌బండ్ మీద హారన్లు ఎక్కడో దూరాన వినిపించాయి.

“ఏం గాలే, ఏం గాలే! డీజిల్ పైపుల గాలి చొరబడ్డది,” అంటూ గోవర్ధన్ చొక్కా చేతులు పైకి మడిచాడు. అతని మొహం పండగలా ఉంది. “అయిదు నిమిషాలియ్యి.”

లాంచీ అలల మీద మెల్లగా ఊగుతోంది. కమలవ్వ టిఫిన్ డబ్బా మూత తీసి అందరికీ పూరీలు పంచుతోంది. మనోరమ చక్రం మీంచి చేతులు తీసి, బుగ్గమ్మ పక్కన బల్ల మీద కూర్చుంది.

“నిదానంగ చేయుండ్రి,” అంది భర్తతో. “తొందరేం లేదు.”