ఓస్సీ అంత ఆలస్యం కావాలి

మా బామ్మర్ది ఓస్సీ పుట్టడమే మూడు రోజులు ఆలస్యంగా పుట్టాడు. వాళ్లమ్మకు నొప్పులు మంగళవారం మొదలైతే వాడు శుక్రవారం సాయంత్రం, అందరూ టీ తాగడం అయిపోయాక వచ్చాడు. ఇది నేను కల్పించింది కాదు. వాడి అక్క, అంటే నా భార్య థెల్మా చెప్పింది. పెళ్లినాడు పాదిరీ "ఈమెను స్వీకరిస్తావా" అని అడిగితే, వీడు ఆలోచించి "ఊఁ" అనేసరికి బయట విందులో గొర్రెమాంసం సగం అయిపోయింది. ఇది మాత్రం నేను కల్పించిందే. కానీ చెప్పీ చెప్పీ ఇప్పుడు ఊళ్లో అందరూ నమ్ముతారు, ఓస్సీతో సహా.

మా బార్లీ క్రాసింగ్‌లో ఏటా వసంతకాలంలో ఒక శనివారం, అడవి మంటలార్పే దళం వారి రేకుల షెడ్డులో డాన్సు పెడతారు. మంటలార్పే బండిని బయటికి తోసి, నేల కడిగి, గోడలకు యూకలిప్టస్ రెమ్మలు కడతారు. ముప్పయ్యొక్క ఏళ్లుగా అక్కడ వాయించేది మేమే. నేనొక గిటార్, ఓస్సీ ఒక గిటార్, పోస్టాఫీసు నోలీన్ డ్రమ్ములు. అంతే మా బృందం.

నేను గిటార్‌ను శ్రుతిదండంతో, అంటే కొడితే ఒకే స్వరం పలికే ఇనప కొమ్ములపుల్లతో, శ్రుతి చేసుకుంటాను. ఇరవైమంది పిల్లలకు ఒకే పంతులున్న మా బడిలో, ఆ పంతులు దాన్ని నా చేతికిచ్చి ఇప్పుడే వస్తానన్నాడు. నేను దానితోనే ఇంటికెళ్లిపోయాను. ఓస్సీకి అలాంటి పరికరాలేవీ అక్కర్లేదు. షెడ్డు మూలనున్న పాత బీరు ఫ్రిజ్ పగలూ రాత్రీ ఒకే స్వరంలో మూలుగుతుంటుంది. దానికి చెవి ఆనించి, ఆ మూలుగుకు సరిపోయేలా తీగలు బిగించేవాడు. ఎండ ముదిరితే ఫ్రిజ్ అలసిపోయి దాని గొంతు కాస్త దిగేది. దాంతోపాటు ఓస్సీ గిటారూ దిగేది. అలా వాడెప్పుడూ నాకంటే ఒక వెంట్రుకవాసి కిందే ఉండేవాడు, ఒక వెంట్రుకవాసి వెనకే ఉండేవాడు. ముప్పయ్యొక్క ఏళ్లూ నేను తిట్టాను. వాడు ఒక్కరోజు కూడా మారలేదు. మారితే ఏం చేసేవాణ్ణో నాకూ తెలీదు.

పోయిన చలికాలం వాడి ఎడమచేతి వేళ్లు రెండు బిగుసుకుపోయాయి. డాక్టరు కీళ్లజబ్బన్నాడు, ఇక తీగలు నొక్కే పని మానుకోమన్నాడు. ఓస్సీ గిటార్ తీసుకెళ్లి ఉన్ని కత్తిరించే కొట్టంలో మేకుకు తగిలించాడు. ఆ తర్వాత దళం మీటింగులకు కూడా రావడం మానేశాడు.

"నెల్లాళ్లైంది, వాడు గేటు దాటలేదు" అంది థెల్మా ఒక ఉదయం. "డస్టర్ కూడా తిండి మానేసిందట. వెళ్లి పిలువు."

డస్టర్ అంటే వాడి కుక్క. డాన్సు జరిగినంతసేపూ ఓస్సీ బూటు మీద తలపెట్టి పడుకునేది. నేనొక్కణ్ణే వాయించే ఘట్టం వస్తే మాత్రం లేచి బయటికి పోయేది.

"ఏమని పిలవను? వేళ్లు వంగనివాణ్ణి గిటార్ వాయించడానికి రమ్మననా?"

"ఏదో ఒక అబద్ధమాడు. నలభై ఏళ్లు కాపురం చేశాను, నీకు మాట తోచకపోవడం ఎన్నడూ చూడలేదు."

నిజం చెప్పాలంటే అవసరం నాకూ ఉంది. అంతకు ముందు వారమే జెసప్ వాళ్ల పెళ్లిరోజుకు నేనూ నోలీనూ ఇద్దరమే వాయించాం. జనం ఒక్క అడుగు తప్పకుండా డాన్సు చేసి, చీకటి పడకముందే ఇళ్లకు పోయారు. జెసప్ ముసలమ్మ నా దగ్గరికొచ్చి, "క్లారీ, ఇవాళ నీ పాట ఇస్త్రీ చేసినట్టుందయ్యా" అంది. అది మెచ్చుకోలు కాదని ఇంటికొచ్చాక అర్థమైంది. డాన్సేమో ఇంకో పన్నెండు రోజులుంది. "ఓస్సీ, నువ్వు లేకపోతే నావల్ల కాదురా" అని ఒక్క ముక్క చెబితే సరిపోతుంది. కానీ మా ఊళ్లో మగాళ్లు అలాంటి మాట ఎదటివాడు శవపేటికలో పడుకున్నాకే అంటారు.

ఆ సమయంలో నోలీన్ చెప్పింది, కోరస్ పెడల్ అని ఒక చిన్న డబ్బా ఉంటుందనీ, కాలితో తొక్కితే ఒక గిటార్ రెండు గిటార్లలా వినిపిస్తుందనీ. నాకు కావలసిన అబద్ధం దొరికింది.

ఓస్సీ వరండాలో కూర్చుని ఉన్నాడు.

"రేపు పట్నం వెళ్తున్నానురా" అన్నాను. "నీ బదులు ఒక డబ్బా కొనాలి."

వాడు కప్పులో టీ సగం తాగి, "నా బదులా?" అన్నాడు.

"ఊఁ. తొక్కితే చాలు, రెండో గిటార్ వచ్చేస్తుంది. బిస్కెట్లు అడగదు. దారిలో బండి ఆపమనదు."

"మంచిదేగా. మరి నాతో ఎందుకు చెప్తున్నావు?"

"నువ్వెలా వాయించేవాడివో నాకు గుర్తులేదురా. నేనెప్పుడు విన్నాను కనక. నువ్వొచ్చి, ఏది నీలా ఉందో చూసి చెప్పాలి."

మిగిలిన సగం టీ కూడా అయిపోయింది. "నాలాంటిదే కొంటే మళ్లీ ముప్పై ఏళ్లు తిట్టుకోవాలి బావా. ఈసారైనా మంచిదాన్ని కొనుక్కో."

"అలవాటైపోయిందిరా. మంచివాటితో నేను వేగలేను."

మర్నాడు నా యూట్ బండి ముందు సీట్లో నేనూ, ఓస్సీ, మధ్యలో డస్టర్. వెనక టార్పాలిన్ కింద నా గిటార్, నా యాంప్లిఫయర్. మన సొంత సామాను మీద విని చూడకుండా పెడల్ కొనకూడదని నోలీన్ మరీ మరీ చెప్పింది. బూట్లు కొనడానికి వెళ్తూ ఎవడైనా పాదాలు ఇంట్లో పెట్టి వెళ్తాడా అంది.

పట్నంలో సంగీత సామాను కొట్టు జానీన్‌ది. వాళ్ల నాన్న మా గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. నా గిటార్ చూడగానే, "క్లారీ బాబాయ్, ఈ తీగలు మా నాన్న కాలంనాటివా?" అంది.

"మీ నాన్నే సాగగొట్టాడమ్మా, లాడాలు చెయ్యగా మిగిలిన ఇనుముతో."

జానీన్ నాలుగు పెడల్‌లు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక్కొక్కటీ సబ్బుపెట్టె అంత. మొదటిదాన్ని తొక్కి ఒక్క తీగ మీటానో లేదో, పాట గిర్రున తిరిగింది. నేను పడవెక్కింది జీవితంలో ఒక్కసారే, ఆరోజు తిన్నది తిన్నట్టు సముద్రానికి ఇచ్చేశాను. ఈ పెడల్ ఆ పడవను గుర్తు చేసింది. డస్టర్ లేచి బయటికి నడిచింది.

"ఇది నేను కాదు" అన్నాడు ఓస్సీ. "బీరు పీపా ఖాళీ చేశాక కూడా నేనిలా వాయించలేదు."

రెండోది బాగానే ఊగింది గానీ, వెనక సన్నగా సుయ్ మని ఒకటే మోత. పెనం మీద సాసేజ్‌లు వేగుతున్నట్టుంది. వాసన రాకుండా చప్పుడే వస్తే ఆకలికి తట్టుకోలేమని దాన్నీ పక్కన పెట్టించాను. మూడోది తొక్కితే అమృతం. కానీ జానీన్, "ఇప్పుడు ఆపేసి వినండి" అంది. ఆపి వాయిస్తే నా గిటార్ దుప్పటి ముసుగులోంచి దగ్గినట్టు పలికింది.

"తొక్కినప్పుడు అన్నీ బాగానే ఉంటాయి బాబాయ్. ఆపినప్పుడు మన స్వరాన్ని మనకు వదిలేసేదే మంచి పెడల్" అందామె.

నాలుగోదానికి మోత లేదు, దుప్పటి లేదు. నోరు తెరిచి ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, బ్రహ్మాండంగా ఉంది. లోపల ఏముందని అడిగాను.

"నిప్పంటుకుంటే మీరంతా వరసలో నిలబడి బకెట్లు చేతులు మార్చుకుంటారే, అలాగే దీంట్లో మీ స్వరాన్ని ఒకరి చేతిలోంచి ఒకరికి అందించుకుంటూ పోతుంది. చివరికి చేరేసరికి ఒక్క పిసరు ఆలస్యమవుతుంది, కాస్త అటూ ఇటూ వణుకుతుంది. దాన్ని అసలు స్వరంతో కలిపితే ఇద్దరు వాయించినట్టు ఉంటుంది."

"అయితే ఆ వరసలో ఓస్సీ ఉన్నాడన్నమాట" అన్నాను. "జెసప్ వాళ్ల గడ్డివాము తగలబడినప్పుడు వీడు మా వరసలో నిలబడ్డాడమ్మా. బకెట్ వీడి చెయ్యి దాటేసరికి వాము బూడిదై చల్లారింది. నీళ్లు వృథా చెయ్యడమెందుకని మిగిలిన నిప్పుల మీద టీ కాచుకుని తాగాం."

"టీ బాగుందన్నావుగా" అన్నాడు ఓస్సీ.

నేను మళ్లీ వాయించాను. బాగుంది. అయినా ఏదో వెలితి. "ఇది వేళకు వచ్చేస్తోందమ్మా" అన్నాను. "మాకు ఓస్సీ అంత ఆలస్యం కావాలి."

పెడల్ మీద మూడు నాబ్‌లున్నాయి. ఒకటి వణుకు ఎంత వేగంగా ఉండాలో, ఒకటి ఎంత లోతుగా ఉండాలో, మూడోది రెండో స్వరం ఎంత కలవాలో చూసుకుంటుంది. జానీన్ తిప్పింది. నేను కాదన్నాను. ఆమె మళ్లీ తిప్పింది. నేను మళ్లీ కాదన్నాను.

అప్పుడు ఓస్సీ స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. కుడిచేతి వేళ్లు బాగానే ఉన్నాయిగా, వాటితో లోతు నాబ్ పట్టుకున్నాడు. పళ్ల మధ్య నాలుక పెట్టి, గొర్రెపిల్ల చెవిలో పురుగు తీస్తున్నంత నెమ్మదిగా తిప్పాడు. "మీటు" అన్నాడు. మీటాను. "ఊహూఁ." ఇంకాస్త తిప్పాడు. ఈలోగా జానీన్ ముగ్గురికి సామాను అమ్మి పంపింది. ఒకడు మౌతార్గాన్ కొనుక్కుని, మా గొడవ ఎలా తేలుతుందో చూడాలని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇప్పుడు మీటు" అన్నాడు ఓస్సీ.

మీటాను. బయట కాలిబాట మీద పడుకున్న డస్టర్ తల ఎత్తింది. లేచి లోపలికొచ్చి ఓస్సీ చేతులకేసి చూసింది. చేతుల్లో గిటార్ లేదు. యాంప్లిఫయర్‌కేసి చూసింది. మళ్లీ చేతులకేసి చూసింది. తర్వాత ఒక్క నిట్టూర్పు విడిచి వాడి బూటు మీద తలపెట్టి పడుకుంది.

నాకైతే వెయ్యి మాటలు నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు, అలాంటిది నాకు జరగదు.

చివరికి ఓస్సీ గొంతు సవరించుకుని జానీన్‌ని అడిగాడు. "ఎండాకాలం కూడా ఇది ఇలాగే ఉంటుందా?"

"ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. ఎన్నాళ్లైనా మారదు."

"అదే తప్పు. ఎండలో ఇంకాస్త దిగాలి. నెమ్మదిగా సాగే వాల్ట్జ్ పాటకు ఇంత లోతు అక్కర్లేదు. గెంతే పాటలకు వేగం పెంచాలి."

నాకు తలుపు తెరిచినట్టైంది. "మరి అవన్నీ ఎవడు తిప్పుతాడురా?" అన్నాను, చాలా విసుగ్గా. "నాకున్నవి రెండే చేతులు. రెండూ గిటార్ మీదుంటాయి."

ఓస్సీ నాబ్ వదిలేసి స్టూలు మీంచి లేచాడు. జానీన్ పెడల్‌ను అట్టపెట్టెలో పెట్టి కట్టింది. దుకాణం పక్కన మాంసం కూరిన పైలు తిన్నాం, డస్టర్‌కు ఒకటి పెట్టాం. బండెక్కాం. పట్నం దాటాం, వంతెన దాటాం, గోధుమ పొలాలు దాటాం. వాడు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. వాడు రాడని నేను తీర్మానించుకుని, థెల్మాకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. మా ఊరి ధాన్యం గాదెలు కనబడుతుండగా వాడు నోరు తెరిచాడు.

"నేను తిప్పుతాలే బావా."

నేనడిగి సరిగ్గా నలభై నిమిషాలు. గడియారం చూసుకున్నాను.

డాన్సునాడు మధ్యాహ్నానికే షెడ్డు నిండిపోయింది. నా పక్కన, ఓస్సీ ఎప్పుడూ నిలబడే చోట, ఖాళీ బీరు పెట్టె బోర్లించి దాని మీద పెడల్ పెట్టాం. దాని ముందు స్టూలు మీద ఓస్సీ, వాడి బూటు మీద డస్టర్. వాడు ముందుగా వెళ్లి ఫ్రిజ్‌కు చెవి ఆనించి విని, వచ్చి ఒక నాబ్‌ను కాస్త దించాడు. నేను "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి పాట ఎత్తుకున్నాను. పెడల్‌ను వాడు చేత్తో నొక్కాలి. నాలుగో లెక్క కూడా దాటాక నొక్కాడు.

జెసప్ ముసలమ్మ గుమ్మంలోంచే, "ఓస్సీ రాలేదన్నారు, వచ్చాడుగా" అంటూ చేతికర్ర పక్కన పడేసి లోపలికొచ్చింది. ఆ కర్ర మర్నాటిదాకా దొరకలేదు. ఎవరూ వెతకలేదు కూడా.

మధ్యలో టీకి ఆపాం. ఓస్సీ ఒక లామింగ్టన్ కేకు తీసుకుని, కొబ్బరి రాలకుండా నాలుగు వైపులా జాగ్రత్తగా కొరికి, మొత్తం తినేశాక నావైపు తిరిగాడు.

"ఒక మాట చెప్పాలి బావా. ఏమీ అనుకోకు."

"చెప్పు."

"నువ్వు ప్రతి పాటా ఒక వెంట్రుకవాసి ముందు ఎత్తుకుంటావు. మొదటి డాన్సునాడే చెబుదామనుకున్నాను."

నేను నోలీన్‌కేసి చూశాను, నా పక్షాన ఏమైనా అంటుందేమోనని. ఆమె హఠాత్తుగా వంగి, బిగుతుగానే ఉన్న డ్రమ్ము మరను మళ్లీ బిగించడం మొదలుపెట్టింది.

టీ తర్వాత మొదటి పాటకు లెక్కపెట్టి, కాస్త ఆగి ఎత్తుకున్నాను. వాడు ఇంకాస్త ఆగాడు.