పాత కంప్యూటర్‌కు పొలిమేర

మా షాపులో రెండు కంప్యూటర్లున్నాయి. కొత్తది మా ఆయన పరశురాంకు ముద్దు, పాతది నాకు. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా డీటీపీ షాపు తెరిచిన ఏడాది, అంటే 2003లో, దాన్ని కొన్నాం. లోపలి సామాను రెండుసార్లు మార్చినా దాంట్లో నడిచేది ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీయే. దాన్ని చేసినవాళ్లే మూడేళ్ల కింద చేతులు దులుపుకున్నారు. ఇక దానికి ఏ రోగమొచ్చినా మందు పంపేది లేదని చెప్పేశారు.

అయినా నేను వదల్లేదు. నా తెలుగంతా దాంట్లోనే ఉంది మరి. అప్పట్లో కొన్న తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ దాని మీద తప్ప ఇంకెక్కడా నడవదు. అమ్మినవాడు దుకాణం ఎత్తేసి ఎటో పోయాడు. పెళ్లి కార్డయినా, దశదినకర్మ కార్డయినా, బోనాల ఫ్లెక్సీ అయినా ఆ కీబోర్డు మీద నా వేళ్లు వాటంతటవే పరుగెత్తుతాయి. కొత్తదాని ముందు కూర్చుంటే మాత్రం ఏ అక్షరం ఎక్కడుందో వెతుక్కునే ఒకటో తరగతి పిల్లనైపోతాను.

ఎటు చూసినా ప్లాట్లు, వెంచర్లు, వాటి కరపత్రాలు. ఆ హడావుడిలో పరశురాం కళ్లకు నేను నిదానంగా కనబడసాగాను. "సిటీకెల్లి ఎవలన్న డిజైనర్ను పెట్టుకుందమా?" అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అంటే ఏమవుతుందో తెలుసు కాబట్టి ఊరుకున్నాడు.

ఆ ఎండాకాలం ఎవరిదో పెన్‌డ్రైవ్‌తో పాతదాంట్లోకి వైరస్ దూరింది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయాయి, నొక్కితే ఒక్కటీ తెరుచుకోదు. కంప్యూటర్లు బాగుచేసే మా చిన్నమ్మ కొడుకు మహేశ్వర్ బడంగ్‌పేట్ నుంచి వచ్చి మూడు రోజులు కుస్తీ పట్టాడు. నేను మూడు రోజులూ అన్నం సరిగా తినలేదు. చివరికి బతికించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అక్కా, ఈసారికి బతికింది. ఇంకోసారి ఇట్లయితే గా తెలుగు సాఫ్ట్‌వేర్ మల్ల ఎక్కదు. సీడీ అంత గీతలు వడ్డది. గప్పుడు నేను గాదు, ఎవ్వలొచ్చినా ఏం జెయ్యలేరు."

"మరేం జెయ్యాలె?"

"దీనికి నెట్టు ఇయ్యకు, వైరు పీకేస్తున్న. మెయిలు, వాట్సాపు అన్నీ కొత్తదాంట్లనే. బయటి పెన్‌డ్రైవ్ ఏదొచ్చినా ముందుగాల కొత్తదాంట్ల స్కాన్ జెయ్యి. మంచిగుంటే నీకు కావల్సిన ఫోటోలు, మ్యాటరు మన సొంత పెన్‌డ్రైవ్‌ల ఏసుకొని దీంట్లకు తే. ఒక్కసారి తప్పినా అంతే సంగతులు."

మా అత్త అనంతమ్మ తలుపు దగ్గర కుర్చీలో చిక్కుడుకాయలు తుంచుతూ ఇదంతా వింది. మోకాళ్ల నొప్పులు, ఇంట్లో ఉండమంటే ఉండదు. రోజూ మాతో షాపుకు రావాల్సిందే.

"అంటే బొడ్రాయి నిలవెట్టిన్నాటి లెక్కనా పిలగా?" అని అడిగింది.

ఊరిని కాచే బొడ్రాయిని ఊరి నడుమ నిలబెట్టే రోజు పొలిమేర కట్టేస్తారు. లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. ఎంతటివాడైనా సరే.

"అవ్ అత్తా, గంతే," అని మహేశ్వర్ నవ్వాడు.

అతను నవ్వాడు గాని ఆమె నవ్వలేదు. మరునాడే నా కంప్యూటర్ చుట్టూ పసుపు దారం కట్టి, మీద వేపమండ పెట్టింది. గాలి ఆడే చోట అడ్డం రాకుండా ఆ మండను జరిపించడానికి అరగంట బతిమాలాను. నా పాత పనులన్నీ నకలు తీసిన డిస్కును తన పట్టుచీర మడతల్లో పెట్టి సందుగకు తాళం వేసింది. మా సొంత పెన్‌డ్రైవ్, ఎర్రది, ఆమె నడుముకుండే వక్కల సంచిలోకి పోయింది. దానికి ఇప్పటికీ తంబాకు వాసనే. లీడరొచ్చినా, పాస్టరొచ్చినా ఆమెది ఒకటే మాట: "గా కొత్త డబ్బల పెట్టు."

శ్రావణమాసంలో ఒక రోజు పొద్దున, చర్చి పక్కింటి మరియ కూతురు రూత్ పెళ్లి కార్డు దిద్దుతున్నాను. పరశురాం పెన్‌డ్రైవ్ పట్టుకొని ఉరికొచ్చాడు. బయట కారు ఆగి ఉంది.

"రేణుకా, రావిర్యాల కాడ కొత్త వెంచరంట. దీన్ల ఫోటోలున్నయి, జర జల్ది కరపత్రం కొట్టియ్యి. సారు కారులనే కూసున్నడు."

"స్కాన్ జేసి తే."

"స్కాన్ అంటే అర్ధగంట. గాయన పోతడు. ఒక్కసారికి ఏం గాదు, పట్టు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గాని ఆయన తొందర ముందు అది నిలవదు. ఇష్టం లేకపోయినా చెయ్యి చాపాను.

అప్పుడు మా అత్త లేచింది. ఒక చేత్తో మోకాలు, ఒక చేత్తో గోడ పట్టుకొని వచ్చి మా ఇద్దరి నడుమ నిలబడింది.

"జరుగవ్వా."

"జరుగ. కొత్తదాంట్ల పెట్టు."

"నీకు తెల్వదవ్వా. ఎవడో తెచ్చింది గాదు, నేను తెచ్చిన. కన్నకొడుకు మీద నమ్మకం లేదా?"

మా అత్త గొంతు పెంచలేదు. అది మాకు కొత్త.

"మన ఊర్ల బొడ్రాయి నిలవెట్టిన్నాడు నువ్వు ఏడాది పిలగానివి. మా అవ్వగారింటికెల్లి అచ్చేటాలకు ఆల్శమైంది, పొలిమేర గట్టిన్రు. నిన్ను సంకనేసుకొని నేను అవుతల, మా అత్త ఇవుతల. పిలగానికి జరమున్నది, నేను నీ కోడల్నే గదా అని ఏడ్సిన. రానియ్యలే. పొద్దుగూకిందాక రాళ్లల్ల గూసున్న. మస్తు తిట్టుకున్న ఆమెను. నేను చెడ్డదాన్ననా రానియ్యంది? గాదురా. ఏం అంటుకొనొచ్చిందో అచ్చెటోళ్లకే తెల్వదు."

"షాపు మనదే గదవ్వా. నేను బయటోన్నా?"

"షాపు నీదే. గీ డబ్బ రేణుక ఊరు. దీని కాడ నువ్వూ నేనూ ఇద్దరం బయటోళ్లమే. ఇది పాడైతే నీకు సిటీల ఇంకోడు దొర్కుతడు. నా కోడలికి ఇంకో ఊరు దొర్కదు."

డిజైనర్ మాట ఆమె చెవిన పడిందని అప్పటిదాకా నాకు తెలియదు. పరశురాంకూ తెలియదు. ఆయన పోయి పెన్‌డ్రైవ్‌ను కొత్తదాంట్లో పెట్టాడు. బయట కారు రెండుసార్లు హారన్ కొట్టింది. ఈయన లేవలేదు.

పావుగంటకు ఎర్ర హెచ్చరిక డబ్బా ఒకటి తెర మీదికి వచ్చింది, దాని వెనక ఇంకొకటి. వైరస్‌ల లెక్క పదకొండు దగ్గర ఆగింది.

"అవ్వా, ఉన్నది," అన్నాడు నెమ్మదిగా.

"ఉంటదని నేనన్ననా? సూడుమన్న, గంతే."

వాటిని తుడిచేసి, మంచి ఫోటోలు మాత్రం ఏరి ఎర్ర పెన్‌డ్రైవ్‌లో వేశాడు. గంట ఆలస్యంగా అందిన కరపత్రాన్ని కారు సారు గొణుగుతూనే తీసుకుపోయాడు. నేను రూత్ కార్డు ముందు కూర్చున్నాను గాని అక్షరాలు కనబడలేదు, కళ్లనిండా నీళ్లు. కాపురానికి వచ్చి పదిహేనేళ్లయింది. పుట్టిన ఊరు తమ్ముళ్లది, మెట్టిన ఊరు ఆయనది అనే అనుకుంటూ వచ్చాను. నాకూ ఒక ఊరుందని చెప్పినది, రోజూ నా కూరలో ఉప్పుకు వంక పెట్టే మా అత్త.

ఆ తర్వాత డిజైనర్ మాట మళ్లీ రాలేదు. మరునాడు పొద్దున పరశురాం జేబులో ఏదో పెన్‌డ్రైవ్‌తో వచ్చి గడప అవతలే ఆగాడు.

"అవ్వా, పొలిమేర కాడున్న. రావచ్చునా?"

మా అత్త వక్క కొరుకుతూ గడ్డంతో నావైపు చూపించింది. "నన్నడుగుతవేందిరా? గా ఊరోళ్లనడుగు."

ఆయన నావైపు తిరిగాడు. నేను తల ఎత్తలేదు, ఎత్తితే నవ్వొస్తుంది.

"ముందుగాల స్కాన్ జెయ్యి," అన్నాను.