ట్రే పట్టుకున్న చేతులు

ఆఖరి కుర్చీ ఊగుతుంటే అట్టముక్క మడిచి కాలి కింద దోపింది ఆయమ్మ. మూడో తరగతిలో ముప్ఫైమంది పిల్లలు. తల్లిదండ్రుల మీటింగుకి ఆమె వేసినవి ఇరవై తొమ్మిది కుర్చీలు. ముప్ఫయ్యో పిల్ల తన చిట్టి. తనకీ ఓ కుర్చీ వేసుకోవాలని ఆమెకి తోచనేలేదు.

పదకొండేళ్ళుగా ఆ బడి గచ్చు కడిగి కడిగి ఆమె అరచేతులు వాడేసిన సబ్బుబిళ్ళల్లా అరిగిపోయాయి. పుట్టుకతోనే చూపులేని కూతుర్ని ఏడేళ్ళు వచ్చేదాకా బకెట్ల గదిలోనే కూర్చోబెట్టుకుంది. గోడవతల చెప్పే పాఠాలన్నీ ఆ పిల్ల ఇవతల అప్పజెప్పేస్తుంటే నిరుడు పెద్ద మేడం విని, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టింది.

ఈవేళ ఆ బెంచీ గురించే మీటింగు.

ఆయమ్మ టీ అందిస్తూ వరసల మధ్య తిరుగుతోంది. చిట్టి ఎవరి పిల్లో తెలిసినవాళ్ళు కప్పు తీసుకుంటూ చూపు తిప్పుకున్నారు. తెలియనివాళ్ళు పంచదార తక్కువైందన్నారు.

"మాకేం కోపం లేదండీ, పాపం," అంది ముందు వరసలో ఒకావిడ. "టీచరు బోర్డు మీదదంతా ఆ పిల్లకి చదివి వినిపిస్తూ కూర్చుంటే మావాడి పాఠాలు ఎప్పటికి తెముల్తాయి?"

"మావాడు బోర్డు కేసి చూస్తూ గుడ్లప్పగించేవాడండీ," అన్నాడు ఓ మెకానిక్కు. "పైకి చదువుతుంటేనే కాస్త బుర్రకెక్కుతోంది. ఉండనివ్వండి."

కొందరు నవ్వారు.

"వాళ్ళకి వేరే బళ్ళున్నాయిగా. హాస్టల్లో హాయిగా ఉంటుంది," అంది వెనక నుంచి ఇంకో గొంతు.

పెద్ద మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ముప్ఫైమందిలో సగంమంది సరేనన్నా చాలు, మిగతాది నేను చూసుకుంటాను. చిట్టి ఇక్కడే ఉండాలనేవాళ్ళు చెయ్యెత్తండి."

పద్నాలుగు చేతులు లేచాయి. మేడం లెక్కపెడుతూ వచ్చి, గోడవార నిలబడ్డ ఆయమ్మ దగ్గర ఆగింది. చాలాసేపే చూసింది. ఇంతమంది పెద్దవాళ్ళ మధ్య తను చెయ్యెత్తితే ఏం బావుంటుందనుకుని, ఆయమ్మ ట్రేని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం జడ వేయించుకుంటూ చిట్టి అడిగింది. "నువ్వెత్తావా అమ్మా?"

"చేతుల్లో ట్రే ఉందే, తల్లీ."

"కింద పెట్టచ్చుగా," అంది పిల్ల. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే.

నాలుగోరోజు పొద్దున్నే హాస్టలు వ్యాను వచ్చింది. చిట్టి మెట్టు తడుముకుని తనే ఎక్కింది. వ్యాను మలుపు తిరిగాక ఆయమ్మ తడిగుడ్డ పిండుకుని మూడో తరగతిలోకి వెళ్ళింది.

రెండో వరసలో బెంచీ కాలికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. తడిమితే చేతికి తగిలేలా మూడు ముళ్ళు. చిట్టికి తన చోటు తెలియాలని పక్కన కూర్చునే పిల్ల జడలోది విప్పి కట్టినట్టుంది. తడిగుడ్డ దానిదాకా వచ్చి, పక్కనుంచి తప్పుకుని వెళ్ళింది. తుడిచిన బెంచీలన్నీ తడితడిగా మెరుస్తుంటే, రిబ్బనొక్కటే పొడిగా ఉంది.