ఇద్దరూ వెనక్కి తిప్పిన గోడ

నేను ఒక స్మార్ట్‌ఫోన్‌ని. మీ దగ్గర దాచడం ఎందుకు, ముందే ఒప్పేసుకుంటాను: నాకు వీడియో తీయడం రాదు. మొదలుపెట్టగానే ఒళ్లు కాలిపోతుంది, కాసేపటికే స్క్రీన్ నల్లగా చేసుకుని పడుకుంటాను. ఫోటోలైతే ఎన్నైనా తీస్తాను. ఈ సంగతి నా డబ్బా మీద రాయలేదు. రాస్తే ఎవరు కొంటారు?

పుట్టింది ఒక పెద్ద ఫ్యాక్టరీలో. బెల్టు మీద నాలాంటివాళ్లం బారులు తీరి వచ్చాం. అందరం ఒకేలా ఉండేవాళ్లం కాబట్టి, ఆ రోజు ఎవరైనా గ్రూప్ ఫోటో తీసినా అందులో నేనెవరో చూపించలేను. మొదట నన్ను కొన్నది ఒక ఫంక్షన్ హాలు మేనేజరు. ఆయన నా కెమెరా కంటే టార్చిని ఎక్కువ నమ్మాడు. తన షష్టిపూర్తికి మాత్రం వీడియో తీయమని నన్ను ఎవరి చేతికో ఇచ్చాడు. సరిగ్గా దండ మెడలో పడబోయే సమయానికి నేను పడుకున్నాను. మర్నాటికల్లా సెకండ్ హ్యాండ్ షాపు అద్దాల బీరువాలో ఉన్నాను.

అక్కడ నన్ను కొన్నాయన కొన్నాళ్లు వాడి, కొత్త ఫోన్ రాగానే నన్ను ‘గిఫ్ట్’ అని చెప్పి చెల్లెలికి ఇచ్చాడు. పాతదాన్ని వదిలించుకోవడాన్ని మనుషులు గిఫ్ట్ అంటారని అప్పుడే తెలిసింది. ఆ చెల్లెలు పేరు ఫర్హీన్. జగిత్యాల వైపు ఒక ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుతోంది. అలా నేను హాస్టల్‌కి చేరాను. ఫర్హీన్ రూమ్‌మేట్ కావేరి. కావేరి దగ్గర బటన్ ఫోన్ ఉండేది, అందుకని నన్ను ఇద్దరూ వాడుకునేవాళ్లు. ఒకే దిండు మీద రెండు తలలు పెట్టి నాలోకి చూసేవాళ్లు. నా స్క్రీన్ మీద ఎవరి కొబ్బరినూనె ఎంతో నాకే తెలియదు.

ఆ ఏడాది వినోద మేడమ్ క్లాసుకి ఒక పని ఇచ్చారు. ఇద్దరిద్దరు కలిసి ఒక నిమిషం వీడియో చేయాలి, కేవలం ఫోటోలతోనే. వస్తువుని కొంచెం జరపాలి, ఒక ఫోటో తీయాలి, మళ్లీ కొంచెం జరపాలి, మళ్లీ ఫోటో. అన్నీ వరుసగా పెట్టి వేగంగా తిప్పితే వస్తువు దానంతట అదే కదిలినట్టు ఉంటుంది. వీడియో రాని నాకు ఇంతకంటే మంచి రోజు ఏముంటుంది చెప్పండి!

వీళ్లకి వచ్చిన అంశం ఇటుక గోడ. ఒక వరుస ఇటుకలు పొడుగ్గా, దాని మీద వరుస అడ్డంగా. ఇటుకలకి బదులు అగ్గిపెట్టెలు. ఫర్హీన్ కజిన్ పెళ్లికి వెళ్లిన ఆదివారం, నన్ను హాస్టల్లోనే ఉంచుకుని కావేరి ఒక్కతే కూర్చుంది. పొద్దుటి నుంచి నడుం పట్టేసేదాకా ఒక్కో అగ్గిపెట్టె పెడుతూ గోడంతా తీసింది.

సోమవారం ఫర్హీన్ వచ్చింది. చుట్టాలు తీసిన పెళ్లి ఫోటోలు ఎక్కించుకోవాలి, నాలో చోటు లేదు. అలాంటప్పుడు నేను నా పద్ధతిలో ఒక సలహా ఇస్తాను: ‘ఒకేలాంటి ఫోటోలు చాలా ఉన్నాయి, తీసేయమంటారా?’ ఫర్హీన్ చూసింది. అన్నింట్లోనూ అదే బల్ల, అవే అగ్గిపెట్టెలు. నొక్కేసింది.

“నా గోడేదే?” అని కావేరి అడిగింది.

“ఏం గోడ? మనం ఇంక మొదలే పెట్టలే గద?”

తర్వాత జరిగింది మీరు ఊహించుకోండి. కావేరి అరవలేదు, నాకు అదే భయం వేసింది. “నీ చుట్టాల బిర్యానీ ఫోటోలకు చోటు గావాలె, నా పని మాత్రం చెత్తనా?” అంది. ఫర్హీన్‌కి సారీ చెప్పాలనే ఉంది కానీ, బిర్యానీ మాట పడేసరికి ఆమెకీ రోషం వచ్చింది. “ఫోన్ నాది” అంది. అంతే. ఆ మాట తర్వాత ఇద్దరి మధ్యా ఇంకో మాట లేదు.

కావేరి వార్డెన్ దగ్గరికి వెళ్లి వేరే రూమ్ అడిగింది. శనివారం వీడియోల ప్రదర్శన అయ్యాక మారొచ్చని ఆవిడ ఒప్పుకుంది. కావేరి తన ట్రంకు పెట్టెని మంచం కింద నుంచి ముందుకి లాగి పెట్టుకుంది. ఫర్హీన్ రోజూ దానికి కాలు తగిలించుకుంటూ, ‘అబ్బా’ అని కూడా అనకుండా తిరిగేది.

జంటలు మార్చనని మేడమ్ తేల్చేశారు. ఒక చిట్కా మాత్రం చెప్పారు: “పెట్టేటప్పుడు చెయ్యి పక్కదానికి తాకి గోడ వణుకుతది. ముందుగల్ల గోడంత కట్టున్రి. ఒక్కోటి తీసుకుంట ఫోటోలు కొట్టున్రి. ఆఖరికి వీడియోను వెనక్కి తిప్పున్రి, కట్టినట్టే అయితది.”

గురువారం సెలవు. మెస్ హాల్లో, కిటికీ పక్క బల్ల మీద గోడ లేచింది. గాలికి అగ్గిపెట్టెలు కదులుతాయని ఫ్యాన్ ఆపేశారు. స్టీలు డబ్బాలో బియ్యం పోసి నన్ను అందులో నిలబెట్టారు. నన్ను ముట్టుకుంటే ఊగుతానని ఇయర్‌ఫోన్ తగిలించి, దాని బటన్‌తో ఫోటో కొట్టింది ఫర్హీన్. అగ్గిపెట్టెలు తీసే పని కావేరిది.

చిక్కల్లా ఒకటే. తీసి చెయ్యి వెనక్కి లాక్కున్నాక ‘నొక్కు’ అని చెప్పాలి కదా? చెప్పకూడదాయె! కావేరి ఒక చెంచా తెచ్చుకుంది. తీయడం, చెయ్యి లాక్కోవడం, ప్లేటు మీద టంగ్. ఫర్హీన్ నొక్కడం. మొదట్లో ఆ టంగ్ మర్యాదగానే ఉండేది. పోను పోను ‘నిద్రపోతున్నవా’ అన్నట్టు, ‘కళ్లు లేవా’ అన్నట్టు మోగడం మొదలైంది. ఫర్హీన్ కావాలనే టంగ్ కంటే ముందే నొక్కేది. దాంతో సగం ఫోటోల్లో కావేరి చెయ్యి పడింది. పెట్టెలు జారితే పట్టుకోవడానికి వచ్చిన ఫర్హీన్ మెహందీ చెయ్యి కూడా అక్కడక్కడా పడింది. వంటమనిషి తొంగి చూసి, “ఇద్దరికీ గొంతులు కూసున్నయా ఏంది బిడ్డా?” అని అడిగింది. ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు.

శుక్రవారం పొద్దున ఫర్హీన్ స్నానానికి వెళ్లింది. కావేరి నన్ను కిటికీలోంచి తీసుకుని, ఫోటోలన్నీ వరుసగా పెట్టి, రివర్స్ నొక్కి, నన్ను ఉన్నచోటే పెట్టేసింది. గోడ చక్కగా లేచింది. చెప్పలేదు.

సాయంత్రం ఫర్హీన్ నన్ను చేతిలోకి తీసుకుంది. ఫోటోలు వరుసగా ఉన్నాయి. ‘తిప్పి ఉండదు, అన్నీ నేనే చూసుకోవాలి’ అని గొణుక్కుని తనూ రివర్స్ నొక్కింది. మొదట్లో ‘గోడ కట్టే విధానం’ అని పెద్ద అక్షరాలతో పేరు పెట్టింది. నాలో ఛార్జింగ్ చివరికొచ్చింది, కరెంటు లేదు. ఒక్కసారి కూడా వేసి చూడకుండా మేడమ్‌కి పంపేసింది. తనూ చెప్పలేదు. రెండుసార్లు తిప్పితే మొదటికే వస్తుందని నాకు తెలుసు. కానీ నాకు ఒకేలాంటి ఫోటోల గురించే సలహా ఇవ్వడం వచ్చు, ఒకేలాంటి మనుషుల గురించి రాదు.

శనివారం సెమినార్ హాలు. తెర మీద ‘గోడ కట్టే విధానం’ అని పడింది. నిండు గోడ కనిపించింది. ఆపైన ఒక్కో ఇటుకా ఊడిపోవడం మొదలైంది. మధ్యలో ఒక చెయ్యి, ఇంకో మెహందీ చెయ్యి. చివరికి ఖాళీ బల్ల.

“జేసీబీ లేకుండనే కూలగొట్టిన్రు మేడమ్!” అని వెనక బెంచీ నుంచి కేక. హాలంతా ఒకటే నవ్వు.

“ఎవరు తిప్పిన్రు దీన్ని?” అన్నారు మేడమ్.

“నేను తిప్పిన మేడమ్” అంది కావేరి.

“కాదు మేడమ్, నేను తిప్పిన” అంది ఫర్హీన్.

“ఇద్దరు తిప్పిన్రా! ఒక్క రూమే గద మీది? ఒకరినొకరు ఒక్క మాట అడిగితే ఏమాయె?”

“వాళ్లు మాట్లాడుకోరు మేడమ్!” అని క్లాసంతా ఒకే గొంతుతో అంది.

కావేరి ముఖం ఎర్రబడింది. ఫర్హీన్ వైపు తిరిగింది. “తిప్పేటప్పుడు నాకు చెప్పొద్దానే?”

“ఎట్ల చెప్పాలె? చెంచతోని కొట్టాల్నా?”

అంతే, కావేరి నోరు మూసుకుని నవ్వు ఆపుకోబోయి ఓడిపోయింది. ఫర్హీన్ నవ్వలేదు. “ఆ రోజు అన్నీ ఒక్క తీరే కనిపించినయ్, నొక్కేసిన. అడిగి నొక్కాల్సింది. ఫోన్ నాదనుడు కూడా తప్పే” అంది, హాలు ఉందన్న సంగతే మర్చిపోయి.

“ఒక్క తీరు కాదే అవి. ఒక్కోదాంట్ల ఒక్క అగ్గిపెట్టె తేడా.”

“ఇప్పుడు ఎరుకైంది. నొక్కి నొక్కి వేలు నొచ్చినంక.”

మేడమ్ అక్కడే నన్ను అడిగి తీసుకుని మూడోసారి తిప్పించారు. ఈసారి గోడ లేచింది. చేతులు తీసేయలేదేమని ఆవిడ అడిగితే, “ఉండనీయున్రి మేడమ్, కట్టింది ఎవరో తెల్వాలె గద” అంది కావేరి. మార్కులు ఏదో మర్యాదకి తగ్గించారు.

సాయంత్రం పక్క బ్లాకు నుంచి ఒకమ్మాయి వచ్చి, “అక్కా, మంచం ఖాళీ చేసి పెట్టినం, సామాను తెద్దామా?” అంది. కావేరి అప్పుడు ఫర్హీన్ జడ వేస్తోంది. “సగం జడల ఉన్నం, కనవడ్తలేదా? ఆ మంచం ఎవరికన్న ఇచ్చుకోపోన్రి” అంది. ఫర్హీన్ తల కదపకుండానే, కాలితో ఆ ట్రంకు పెట్టెని మంచం కిందికి నెట్టింది.

డిప్లొమా అయ్యాక ఫర్హీన్ నన్ను కాలేజీకే ఇచ్చేసింది. ఇప్పుడు నేను సివిల్ ల్యాబ్ బీరువాలో ఉంటాను, వెనక మూతకి రబ్బరు బ్యాండు వేసుకుని. ఏటా కొత్త జంటలు నన్ను బియ్యం డబ్బాలో నిలబెడతాయి. కొందరు నవ్వుకుంటూ చేస్తారు, కొందరు తిట్టుకుంటూ. ఏదైనా సరే, అందరూ తీయాల్సింది ఒక్కో ఫోటోనే.

సరే, నా గోల చాలు. మీ సంగతి చెప్పండి. మూతి ముడుచుకునే ఉండి, ఎవరితోనైనా కలిసి ఒక పని చేశారా? మీ ఇద్దరిలో ముందు నోరు తెరిచింది ఎవరు, ఏమని తెరిచారు? రాసి పంపండి. ఫోటో ఉంటే జతచేయండి, చేతులు అడ్డొచ్చినా పర్వాలేదు.