ల్యాబ్‌లో తడి నేల

"నిన్నెవరడిగిండ్రు?"

అరుణ్ ఈ మాట కోపంగా అనడు. నవ్వుతూ కూడా అనడు. చెంబులో నీళ్లున్నాయా అని అడిగినంత మామూలుగా అంటాడు. అందుకే పెళ్లయి ఏడేళ్లయినా అతని భార్య కృపకు దీనికి జవాబు దొరకలేదు. ఆ మంగళవారం పొద్దున కూడా అంతే. పాపను వచ్చే ఏడు ఏ బడిలో వేయాలో తల్లీ కొడుకులు మాట్లాడుకుంటున్నారు. పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ కృప, "ఆ బడిలో ఒక్కో క్లాసుకు అరవై మంది ఉన్నరు" అంది. అంతే. అరుణ్ ఆ మాట అనేసి, "నా అన్నం డబ్బ కట్టినవా?" అని అడిగాడు. కట్టింది. అత్త దేవమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ, తనకు అలవాటైన పాట అందుకుంది. "మేం బొంబాయిల మట్టి తట్టలు మోసినం. నీదేంది, ఫ్యాన్ కింద కూసొని బటన్లు ఒత్తుడు. గా పనికి గంత పరేషాన్ ఎందుకే?"

దేవమ్మ మోసిన తట్టలు నిజమే. ఆమె నడుము ఇప్పటికీ ఆ సంగతి చెబుతుంది. కాబట్టి కృప ఎదురు చెప్పదు. చీర కుచ్చిళ్లు సరిచేసుకుని, పాపకు జడ వేసి, గిన్నెలు కడిగి, వనపర్తి వీధుల్లో ఇరవై నిమిషాలు నడిచి ఫ్యాన్ కిందికి చేరుకుంటుంది.

ఆ ఫ్యాన్ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఉంది. కాగితాల ప్రకారం ఆమె ల్యాబ్ అసిస్టెంట్. తాళం తీయాలి, దుమ్ము గుడ్డలు మడవాలి, ప్రింటర్లో కాగితాలు పెట్టాలి. కాగితాల్లో లేని పని వేరే ఉంది. ఆరేళ్ల కిందట యాజమాన్యం, కొనే సాఫ్ట్‌వేర్ మనకెందుకు, ఉచితంగా దొరికే లినక్స్ వేయండి అని ఆదేశించింది. కంప్యూటర్ సైన్సు హెడ్ భానుప్రకాశ్ సార్ ఆ ఆదేశాన్ని తీసుకొచ్చి కృప టేబుల్ మీద పెట్టాడు. "జర చూడమ్మా" అన్నాడు. ఆమె చూసింది. ఒక చెవిలో ఇయర్‌ఫోను, ఇంకో చెవి కుక్కర్ విజిల్ మీద పెట్టి వీడియోలు చూసి నేర్చుకుంది. ముప్పై కంప్యూటర్లకూ, వాటన్నిటినీ నడిపే మూలనున్న సర్వరుకూ ఆమే ప్రాణం పోసింది. కొత్త పిల్లలకు ఖాతాలు తెరవడం, ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాముల మూటలు, ఎక్కించడం, పాతవి తీసేయడం, అప్‌డేట్లు, అన్నీ ఆమెవే. పేరు మాత్రం సార్‌ది. ఐదున్నరేళ్లు ఆయన లాగిన్‌తోనే పనిచేసింది. మీటింగుల్లో ఆయన, "మా ల్యాబ్‌ను నేను లినక్స్‌కు మార్చిన" అని చెబుతుంటే, ఆమె వెనక వరసలో హాజరుపట్టీ పట్టుకుని కూర్చునేది.

మూడుసార్లు అడిగాక, ఆరు నెలల కిందట ఆమెకు సొంత లాగిన్ ఇచ్చారు, అన్ని అధికారాలతో. "ఇస్తున్న గాని, ఏదన్న కరాబైతే నీ పేరే వస్తది మల్ల" అని సార్ నవ్వాడు. తన పేరు ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో తెర మీద మెరుస్తుంటే ఆ రోజు కృప చాలాసేపు అట్లాగే చూస్తూ కూర్చుంది. ఇంట్లో చెప్పలేదు. చెప్పి ఏం లాభం.

గురువారం ప్రాక్టికల్ పరీక్షలు. మంగళవారం మధ్యాహ్నం సర్వరులో జాగా నిండిపోయింది. పనికిరాని పాత ప్యాకేజీలు తీసేద్దామని కూర్చుంది. ల్యాబ్‌లో ఇంకెవరూ లేరు, తలుపు దగ్గర నేల తుడుస్తున్న భీమమ్మ తప్ప.

ఈ లినక్సులో కృపకు నచ్చిన మర్యాద ఒకటుంది. ఏదైనా తీసేయమంటే వెంటనే తీయదు. ఒక ప్యాకేజీని నమ్ముకుని ఇంకొన్ని బతుకుతుంటాయి, దీన్ని తీస్తే అవీ పోతాయి. అందుకని, పోయేవాటి పట్టీ అంతా ముందుగా తెర మీద పరుస్తుంది. కొనసాగించాలా, వద్దా అని అడుగుతుంది. వై కొడితే అవును, ఎన్ కొడితే కాదు. జీవితంలో తనను ఇంత వివరంగా అడిగేది ఇదొక్కటే అని కృప ఎన్నోసార్లు అనుకుంది.

ఆ రోజూ అడిగింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్ తీద్దామనుకుని ఆమె పొరపాటున, మిగతావన్నీ నమ్ముకున్న అసలు పైథాన్ పేరే కొట్టింది. తెర నిండా పట్టీ పరుచుకుంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"అమ్మ బీపీ గోలీలు యాడ పెట్టినవ్?" అన్నాడు అరుణ్.

"ఫ్రిజ్జు మీద, నీలం డబ్బాల." ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించింది.

"లేదు."

"జర ఎన్కకు జరిపి చూడుండ్రి. బిస్కట్ల డబ్బ పక్కకు."

"నువ్వు పెట్టుడు గిట్లనే ఉంటది. దొరికే తాన పెట్టవు."

"ఆఁ" అంది కృప. ఆయనకు ఆఁ అంటూనే వై కొట్టింది, ఎంటర్ కొట్టింది. పట్టీ చదవలేదు. ఏడేళ్లుగా ఎన్నిటికి అట్లా ఆఁ అందో, చదవకుండా ఎన్నిటి మీద సంతకం పెట్టిందో, ఆ చేతికి అలవాటైపోయింది.

గోలీలు దొరికాయి. ఆయన ఫోను పెట్టేశాడు. తెర మీద తెల్ల అక్షరాలు వరదలా కిందికి పారుతున్నాయి. డెస్క్‌టాప్ పోయింది, నెట్‌వర్క్ పోయింది, పిల్లల లాగిన్లు పోయాయి. చివరకు నల్లటి తెర మీద ఒక గీత మిణుకుమిణుకుమంటూ మిగిలింది. కృప నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

భానుప్రకాశ్ సార్ లోపలికొచ్చింది అప్పుడే. నల్లటి తెర చూశాడు. తడి నేల చూశాడు. మాప్ పట్టుకుని నిలబడ్డ భీమమ్మను చూశాడు. ఆయనకు ఇంకేం అక్కర్లేకపోయింది.

"ఎన్నిసార్లు చెప్పిన నీకు, వైర్ల కాడ నీళ్లు పొయ్యొద్దని?"

"నేను గటు పోనేలే సార్. నా బకెట్ గీ తలుపు కాడనే ఉంది."

"మరి దానంతట అదే బందైందా?"

భీమమ్మ కృప వైపు చూసింది. ఒక్క మాట చాలు. నేనే సార్, అంటే చాలు. కృప గొంతులోకి ముందుగా వేరే మాటలు వచ్చాయి. నీ పేరే వస్తది మల్ల. దొరికే తాన పెట్టవు. బటన్లు ఒత్తుడు. ఆడోళ్ల చేతికిస్తే గింతే అని స్టాఫ్ రూంలో అనబోయే మాట కూడా ముందుగానే వినిపించింది. ఆమె తల వంచుకుని, "చూస్త సార్, బాగు చేస్త" అంది. అది అబద్ధం కాదు. అందుకే అంత నీచంగా అనిపించింది.

బాగు చేసింది కూడా. సర్వరులో ప్రతి పనికీ చిట్టా ఉంటుంది. ఏ తేదీన, ఏ గంటకు, ఏ ఆజ్ఞతో, ఏయే ప్యాకేజీలు పోయాయో అంతా దాంట్లో రాసి ఉంది. తన ఫోన్లోని ఇంటర్నెట్‌ను వైరుతో సర్వరుకిచ్చి, ఆ చిట్టా చూసుకుంటూ ఒక్కొక్కటే తిరిగి ఎక్కించింది. బుధవారం మధ్యాహ్నానికి ముప్పై తెరలూ వెలిగాయి. ఆ చిట్టాలో ఇంకో వరస కూడా ఉంది. ఈ పని చేయమన్నది ఎవరు? దాని పక్కన చిన్న అక్షరాల్లో, కృప. తన సొంత పేరు మొదటిసారి ఇంత స్పష్టంగా దేనికైనా సాక్ష్యం పలికింది. చూడలేక పేజీ పైకి జరిపింది.

"కృప లేకుంటె పరీక్షలు ఆగిపోతుండె" అన్నాడు భానుప్రకాశ్ సార్, ప్రిన్సిపాల్ అనంతయ్య ముందే. ప్రిన్సిపాల్ గారు స్వయంగా టీ తెప్పించారు. ఆరేళ్లుగా ఆమె ఎదురుచూసిన మాట అది. గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడింది. సిగ్గు అనేది ముఖానికే వస్తుందనుకునేది ఇన్నాళ్లూ, ఆ రోజు అరికాళ్ల దాకా వచ్చింది.

"ఏం జరిగిందో రెండు ముక్కలు రాసియ్యమ్మా" అన్నారు అనంతయ్య గారు. "నీళ్లు పడి కరాబైందని. ఆ భీమమ్మను రేపటిసంది వద్దందాం."

కిటికీలోంచి భీమమ్మ కనిపిస్తోంది. పొద్దున్నే ఆటోలో పక్క ఊరి నుంచి వచ్చింది. సార్ చెప్పేదాకా లోపలికి రావద్దన్నారు కాబట్టి మెట్ల మీద కూర్చుని ఉంది, చీపురు పక్కన పెట్టుకుని. తనను ఒక్క మాట అడగకుండా తన సంగతి తేల్చేసే గది ఎట్లా ఉంటుందో కృపకు బాగా తెలుసు. రోజూ రొట్టెలు చేసేది అట్లాంటి గదిలోనే. ఈసారి ఆ గదిలో ఆమె టీ గ్లాసుతో, తేల్చేసేవాళ్ల వైపున నిలబడి ఉంది.

ఆమె ల్యాబ్‌కు వెళ్లి, చిట్టాలోని ఆ పేజీని ప్రింటు తీసి తెచ్చింది.

"నీళ్లు కాదు సార్. నేను. గీడ నా పేరున్నది చూడుండ్రి. చదవకుండ ఒత్తిన."

భానుప్రకాశ్ సార్ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "నేను అప్పుడే చెప్పిన" అన్నాడు. "నీ లాగిన్ తీసేద్దాం. ఎప్పట్లెక్క నా దాంట్లకెల్లే చేసుకో పని."

కృప కొంగుకు కట్టుకున్న ల్యాబ్ తాళంచెవి విప్పింది. "పని నేను చేసుడు, పేరు మీది ఉండుడు ఇగ వద్దు సార్. తప్పు నా పేరు మీద రాసుకోండ్రి. పని గూడ నా పేరు మీదనే ఉండనియ్యుండ్రి. లేకుంటె గీ తాళంచెవి మీరే ఉంచుకోండ్రి."

తాళంచెవి టేబుల్ మీద పెట్టింది. అనంతయ్య గారు దాన్ని కాసేపు చూసి, మళ్లీ ఆమె వైపే నెట్టారు. "పరీక్షలు అయినంక మాట్లాడదాం. భీమమ్మను లోపలికి రమ్మను."

వరండాలో నడుస్తుంటే కృపకు ఒళ్లు తేలికైంది. అబద్ధమెందుకు, తనకు తాను కాస్త గొప్పగా కూడా కనిపించింది. పర్సులో ఫోను మోగింది. తీయలేదు. మెట్ల దగ్గరకు వెళ్లి, భీమమ్మ పక్కన కూర్చుంది.

"భీమమ్మా, తప్పు నాది. సార్లకు చెప్పిన. నువ్వు ఎప్పట్లెక్కనే రా."

భీమమ్మ ఆశ్చర్యపోలేదు. చీపురు కట్టు బిగించుకుంటూ, "నాకెరికే మేడం" అంది. "మీరు ఫోన్ల మాట్లాడుకుంట ఒత్తిండ్రు. ఎంబడే నోటి మీద చెయ్యి పెట్టుకున్నరు. నేను చూస్తనే ఉన్న."

కృపకు తల కొట్టేసినట్టయింది. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

భీమమ్మ లేచింది. చీర దులుపుకుంది. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. చెంబులో నీళ్లున్నాయా అన్నంత మామూలుగా అంది.

"నన్నెవరడిగిండ్రు మేడం? మీరు గూడ అడగలే."