చేదు మాస్టారి నాలుక

గాజు గిన్నెలోని నీళ్ళు నోట్లో పోసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి, చేదు మాస్టారు తొట్టిలోకి ఉమ్మేశాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుంటే రుచి బాగా పట్టుబడుతుందని ఒకప్పుడు ఆయనే అందరికీ నేర్పాడు. ఇప్పుడు మూసుకునేది మాత్రం, ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి.

ఆ పరిశోధనశాలలో ఆయన పని అదే. అడవుల నుంచీ పొలం గట్ల నుంచీ తెచ్చిన ఆకులూ వేళ్ళూ కాయలూ ఎండబెట్టి సారం తీస్తారు. ఒక్క చుక్కని బోలెడు నీళ్ళలో కలిపి ఇస్తారు. అందులో చేదుందో లేదో ఆయన చెప్పాలి. పురుగూ పశువూ తన జోలికి రాకుండా మొక్క ఒంట్లో చేదు దాచుకుంటుంది. ఆ చేదులోనే ఎక్కడో మనిషి రోగానికి మందు ఉండొచ్చు. చేదున్న సీసా లోపల యంత్రాల గదికి పోతుంది. లేనిది చెత్తబుట్ట పాలు.

సన్నటి మనిషి. చొక్కా పైగుండీ దాకా పెట్టుకుంటాడు. నాలుక చెడుతుందని కాఫీ మానేశాడు, వక్కపలుకు ముట్టడు. పెదాల చుట్టూ ఉన్న ముడతలు వయసుతో వచ్చినవి కావు, చేదుకు మొహం చిట్లించీ చిట్లించీ పడినవి.

కిందటి చలికాలంలో జ్వరం వచ్చి తగ్గాక ఆ నాలుక చచ్చింది. ఉప్పూ తీపీ కాస్త తెలుస్తున్నాయి, చేదు మటుకు ఆనవాలు లేకుండా పోయింది. చెబితే సీసాలు కడిగే గదికి పంపుతారు. చేదు మాస్టారన్న పేరు పోయాక తనలో ఇంకేం మిగులుతుందని ఆయన భయం. అందుకే పక్క కుర్చీలో రుచి చూసే ఆవిడ కనుబొమ్మల మీద ఆధారపడి నెట్టుకొస్తున్నాడు. ఆవిడ కనుబొమ్మలు ముడిపడితే ఈయన మొహం చిట్లిస్తాడు. సిగ్గుమాలిన పనని తెలుసు. రేపు చెప్పేస్తానని రోజూ ఇంటికెళ్ళే దారిలో అనుకుంటాడు.

ఇంట్లోనూ చెప్పలేదు. దానికి కారణం వేరు. పెళ్ళయిన నాటి నుంచీ భార్య వంటకు వంకలు పెడుతూనే వచ్చాడు. పోపు మాడిందనో, వంకాయ కనరెక్కిందనో ఏదో ఒకటి. నాలుక పోయాక, ఎక్కడ దొరికిపోతానోనని, ఏది పెట్టినా బాగుందనడం మొదలుపెట్టాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకు తన చెయ్యి తిరిగిందనుకుంది. ఆ సంతోషం చూశాక ఆయనకు నోరు రాలేదు.

ఆవేళ పక్క కుర్చీ ఆవిడ ఆలస్యంగా వస్తానని కబురు పెట్టింది. చూడ్డానికి కనుబొమ్మలు లేవు. ఆయన కళ్ళు తెరిచి, చేదు లేదని చెప్పేశాడు. సీసా చెత్తబుట్టలో పడింది.

ఆవిడ రాగానే, అందులో ఏముందో తెలిసిన ఆ విభాగం మేడమ్ అనుమానమొచ్చి సీసాని బయటికి తీయించింది. మళ్ళీ నీళ్ళలో కలిపించి ఆవిడకిచ్చింది. ఆవిడ నోట్లో పోసుకున్న మరుక్షణం ఉమ్మేసి, మంచినీళ్ళ కోసం చెయ్యి చాచింది.

"అమ్మో, విషమే ఇది. అన్నయ్యా, దీన్నా చేదు లేదన్నావు?"

మేడమ్ ఆయన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అది వెర్రి సొరకాయ సారమని, ఆ చేదుతో గడ్డలకు మందు తయారవుతుందేమోనని చూస్తున్నామని నెమ్మదిగా చెప్పింది. కొలిచి వాడితే మందు కావచ్చు గానీ, గ్లాసుడు తాగితే పేగులు పుండైపోతాయంది. పెరట్లో కాసే సొరకాయకు కూడా ఒక్కోసారి ఆ చేదు పడుతుందట.

"అందుకేగా మనిషికి నాలుకనేది ఉంది, మాస్టారూ," అంది.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నాలుగు రోజులుగా భార్యకు జ్వరం. ఒంటికి చలవని, పెరట్లో దానంతటదే మొలిచిన సొరపాదు నుంచి కాయ కోసి, పొద్దున తనే రసం తీసి ఇచ్చాడు. ఆ ఇంట్లో సొరకాయైనా దోసకాయైనా ముందు చిన్న ముక్క ఆయన కొరికి సరేనన్నాకే కత్తిపీట ముందుకు వస్తుంది. పొద్దున కూడా కొరికాడు, సరేనన్నాడు. ఆవిడ ఒక గుక్క తాగి, చేదుగా ఉందండీ అంది. జ్వరం నోటికి అన్నీ చేదేనని, తన నాలుక కంటే ఆవిడ నోరు ఎక్కువా అని ఆయన వేళాకోళమాడాడు. అదీ నిజమేనని నవ్వింది. తాగేస్తాను, ఆఖరి గుక్క మాత్రం ఎప్పట్లాగే మీకు ఉంచుతాను వెళ్ళిరండి అంది.

ఆయన చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తాడు. ఆవిడ స్నానాలగది గుమ్మంలో పడి ఉంది. వాంతిలో రక్తపు జీరలున్నాయి. పక్కింటివాళ్ళ కారులో ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఏం తిందని డాక్టరు అడిగాడు. ఇన్ని నెలలుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"చేదు సొరకాయ రసమండీ. నేనే తాగించాను. నాకు చేదు తెలియదు. నా నాలుక పోయింది."

మంచం మీద భార్య కళ్ళు తెరిచింది.

"ఎప్పట్నుంచండీ?"

"చలికాలం నుంచి."

ఆవిడ చూపు కప్పుకేసి తిప్పుకుంది. డాక్టరు సూది గుచ్చుతున్నా అటు చూడలేదు.

"అయితే... నా వంట బాగుందన్నదంతా?"

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"మొదట్నుంచీ బాగానే ఉండేది," అన్నాడు.

అది నిజం. ఆవిడ విందో లేదో తెలియలేదు. సాయంత్రం సెలైను సీసా మార్చడానికి నర్సు వచ్చేసరికి ఆవిడ పోయి ఉంది. పక్కనే కూర్చున్న ఆయనకే ఎప్పుడు పోయిందో తెలియలేదు.

మర్నాడు అన్నీ అయిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాడు. గట్టు మీద, చీమలు పట్టకుండా సాసరు మూత పెట్టిన గ్లాసు అడుగున, ఆయన కోసం ఉంచిన గుక్కెడు రసం ఉంది.